టీఎంటీలో 7 మెట్‌లు, మాస్కు పరీక్షలో 4.8: గుండెపోటు వచ్చిన మా నాన్నగారి విషయంలో ఏ అంకెను లెక్కలోకి తీసుకోవాలి?

పెన్నాతీరం (కావలి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 58 ఏళ్లు, బరువు 68 కిలోలు. కావలికి దగ్గరలో ఉన్న మా ఊళ్లో రొయ్యల గుంటలు చూసుకుంటారు. నిరుడు గుండెపోటు వచ్చినప్పుడు గుండె ముందు భాగానికి రక్తం అందించే ఎల్‌ఏడీ రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఎకోలో పంపింగ్ 40 శాతం ఉన్నదని చెప్పారు. మెటోప్రొలాల్‌తో సహా రాసిచ్చిన మాత్రలన్నీ క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు. షుగర్ లేదు, పొగ తాగడం పూర్తిగా మానేశారు.

కోలుకున్న తరువాత జిల్లాలోని ఒక ఆసుపత్రిలో టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ బెల్టు మీద నడిపించే గుండె పరీక్ష, చేశారు. బెల్టు వేగాన్నీ ఏటవాలునూ దశలవారీగా పెంచే బ్రూస్ పద్ధతిలో రెండో దశ పూర్తయి, ఆరు నిమిషాలు దాటుతుండగా ఆయాసం వస్తోందని ఆయనే ఆపించుకున్నారు. ఈసీజీలో కొత్త మార్పులేమీ కనిపించలేదు. శ్రమ సామర్థ్యం 7.0 మెట్‌లు (విశ్రాంతిలో వాడే ఆక్సిజన్‌కు అన్ని రెట్లు) అని రిపోర్టులో రాశారు. తరువాత చెన్నైలో చూపించుకున్నప్పుడు, ముఖానికి మాస్కు బిగించి, సైకిల్ తొక్కిస్తూ పీల్చే గాలినీ వదిలే గాలినీ కొలిచే పరీక్ష చేశారు. దాన్ని సీపెట్ అన్నారు. అందులో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం కిలో బరువుకు నిమిషానికి 16.8 మిల్లీలీటర్లు, అంటే 4.8 మెట్‌లు అని వచ్చింది. గుండె వేగం గరిష్ఠంగా 118 దాకా వెళ్లింది. ఆర్‌ఈఆర్ 1.12 అనీ, వెంటిలేటరీ థ్రెషోల్డ్ (శ్రమలో ఊపిరి ఒక్కసారిగా ఎక్కువయ్యే హద్దు) దగ్గర గుండె వేగం 96 అనీ కూడా రాశారు.

రెండు పరీక్షల మధ్య ఆయన ఆరోగ్యంలో తేడా ఏమీ రాలేదు, మందులూ మారలేదు. అయినా ఇంత వ్యత్యాసం ఎందుకు వచ్చిందో మాకు అర్థం కావడం లేదు. మొదటి అంకె చూసి ఇక గుంటల పనిలోకి మామూలుగా దిగవచ్చని నాన్నగారు అనుకున్నారు, రెండో అంకె చూసి దిగులు పడ్డారు. పైగా మొదటిచోట ఇచ్చిన కాగితంలో 220 లోంచి వయసు తీసివేసి, అందులో 60 నుంచి 80 శాతం మధ్య, అంటే నిమిషానికి 97 నుంచి 130 మధ్య గుండె వేగం ఉండేలా నడవమని రాసి ఉంది. ఏ అంకెను ఆధారం చేసుకోవాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

ఒంగోలు_ఫిజియో

నమస్కారమండీ. గుండె జబ్బుల తరువాత వ్యాయామ శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను కనుక, అన్నిటికంటే ముందు మీ చివరి సంగతి గురించి చెబుతాను, ఎందుకంటే అది ఆలస్యం చేయదగినది కాదు. 97 నుంచి 130 మధ్య నడవమన్న ఆ కాగితాన్ని మీ వైద్యుడికి చూపించి మార్పించండి. మీ నాన్నగారు సైకిల్ మీద తన శక్తినంతా పెట్టి తొక్కినప్పుడే గుండె వేగం 118 దాటలేదు. అటువంటి మనిషిని రోజూ 130 దాకా నడవమనడం ఆయన అందుకోలేని చోటికి తరమడమే అవుతుంది. మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వేసుకునేవారిలో గుండె వేగం పెరిగే తీరే మారిపోతుంది కనుక 220 లెక్క వారికి వర్తించదు. మందు ఏదీ వాడని ఆరోగ్యవంతుల్లో సైతం ఆ లెక్క సగటు మాత్రమే, మనిషికీ మనిషికీ పది పన్నెండు స్పందనల తేడా మామూలుగా ఉంటుంది. మీకు 96 అనే కొలిచిన హద్దు చేతిలో ఉంది. శిక్షణను దాని చుట్టూ అమర్చుకోవాలి.

ఇక 7.0 సంగతి. టీఎంటీ యంత్రం మీ నాన్నగారు వాడుకున్న ఆక్సిజన్‌ను చూడనే లేదు. బెల్టు ఎంత వేగంగా తిరిగింది, ఎంత ఏటవాలుగా ఉంది అన్న రెండు విషయాలే దానికి తెలుసు. బ్రూస్ రెండో దశలో బెల్టు గంటకు 4 కిలోమీటర్ల వేగంతో, 12 శాతం ఏటవాలుతో తిరుగుతుంది. ఆ దశలో నడిచే సగటు మనిషికి ఇంత ఆక్సిజన్ కావాలని ఒక సమీకరణం ముందే చెప్పి ఉంచింది, యంత్రం ఆ అంకెను మీ నాన్నగారి పేరు మీద అచ్చు వేసింది. మనిషి కొలత అనుకుంటున్నది నిజానికి బెల్టు కొలత.

మా దగ్గరికి వచ్చే పల్లెటూరి పెద్దవారిలో చాలామంది ట్రెడ్‌మిల్‌ను ఆ రోజే మొదటిసారి చూస్తారు. కాళ్ల కింద నేల కదులుతుంటే భయంతో ముందున్న కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంటారు. అలా పట్టుకున్నప్పుడు ఒంటి బరువులో కొంత చేతుల మీదికి పోతుంది, కాళ్ల శ్రమ తగ్గుతుంది, వాడే ఆక్సిజన్ తగ్గుతుంది, అందువల్ల ఎక్కువసేపు నడవగలుగుతారు. యంత్రం మాత్రం పూర్తి శ్రమ చేసినట్టే లెక్క వేస్తుంది. మీ నాన్నగారు కడ్డీ పట్టుకున్నారో లేదో గుర్తు చేసుకుని చెప్పగలరా?

పెన్నాతీరం (కావలి)

కృతజ్ఞతలండీ. నేను పక్కనే ఉన్నాను. మొదటి నుంచి చివరి దాకా పట్టుకునే నడిచారు, వదలమని ఎవరూ చెప్పలేదు.

శరీరధర్మశాస్త్రం_అధ్యాపకురాలు (నెల్లూరు)

పై సమాధానం చాలా సరైనది. తేడా ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో అంకెలతోనే చూపిస్తే మీ సందేహం తీరుతుందని అనుకుంటున్నాను.

విశ్రాంతిగా కూర్చున్నప్పటి ఆక్సిజన్ వినియోగాన్ని కిలోకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్లుగా తీసుకుని దాన్ని ఒక మెట్ అంటారు. అందువల్ల 7.0 మెట్‌లు అంటే 24.5 మిల్లీలీటర్లు. ఈ అంకె ఎలా వస్తుందంటే, అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వారి నడక సమీకరణంలో నిమిషానికి మీటర్లలో వేగాన్ని 0.1తో గుణిస్తారు, దానికి వేగాన్నీ ఏటవాలునూ 1.8నూ గుణించి కలుపుతారు, చివర 3.5 కలుపుతారు. రెండో దశ వేగం నిమిషానికి సుమారు 67 మీటర్లు, ఏటవాలు 0.12. మొదటి భాగం 6.7, రెండో భాగం 14.5, అన్నీ కలిపితే దాదాపు 24.7. మీ రిపోర్టులోని అంకె సరిగ్గా ఇదే. మీ నాన్నగారి స్థానంలో ఇంకెవరు ఆ దశ పూర్తి చేసినా, ఇదే అంకె వచ్చి ఉండేది.

ఈ సమీకరణం ఒక నియమం మీద నిలబడి ఉంది. ఒకే వేగంతో, ఒకే ఏటవాలుతో కొంతసేపు నడిచిన తరువాత శరీరం అడిగే ఆక్సిజన్, గుండె అందించే ఆక్సిజన్ సమానమై స్థిరపడతాయి. ఆ స్థిర స్థితిలోనే సమీకరణం చెల్లుతుంది. బ్రూస్ పద్ధతిలో మూడేసి నిమిషాలకు ఒకసారి శ్రమ ఒక్కసారిగా రెండున్నర, మూడు మెట్‌లు పెరుగుతుంది. ఆరోగ్యవంతుడి గుండె ఆ పెంపును త్వరగా అందుకుంటుంది. గుండె కండరం దెబ్బతిన్నవారిలో ఆక్సిజన్ అందడం నెమ్మదిగా పెరుగుతుంది కనుక, వినియోగం స్థిరపడేలోపే తరువాతి దశ వచ్చి పడుతుంది. ఆ లోటును కండరాలు ఆక్సిజన్ అవసరం లేని మార్గంలో శక్తి పుట్టించుకుని కొంతసేపు పూడ్చుకుంటాయి. బెల్టు మీద మనిషి ఉంటాడు, కానీ బెల్టు కోరినంత ఆక్సిజన్ అతని ఒంట్లోకి ఇంకా చేరి ఉండదు. గుండె జబ్బు ఉన్నవారిలో అంచనా అంకె పైకే తప్పడానికి ముఖ్యమైన కారణం ఇదేనని నా అభిప్రాయం. ఇది అటూ ఇటూ సమానంగా పడే పొరపాటు కాదు. జబ్బు ఎంత ముదిరితే అంచనా అంత ఎక్కువ చూపిస్తుంది, అంటే ఎవరి విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలో వారి దగ్గరే మనల్ని ఎక్కువ ధీమాగా ఉంచుతుంది.

ఈ సంగతి తెలిసే, నేరుగా కొలిచిన ఫలితాలను పోగుచేసే ఫ్రెండ్ అనే రిజిస్ట్రీవారు 2017లో కొత్త సమీకరణం ప్రచురించారు. అందులో ఏటవాలును 0.79తో గుణించి 0.17 కలిపి, వచ్చినదాన్ని వేగంతో గుణించి, 3.5 కలుపుతారు. అదే రెండో దశకు ఇది 21.2 మిల్లీలీటర్లు, అంటే 6.1 మెట్‌లు ఇస్తుంది. ఆ సమీకరణం కూడా ఆరోగ్యవంతుల కొలతల నుంచి వచ్చినదే. అయినా పాత సమీకరణం కంటే దాదాపు ఒక మెట్ తగ్గింది. మూడో దశ దగ్గర చూస్తే పాతది 10.2, కొత్తది 8.3. దశ పెరిగేకొద్దీ అంతరం పెరుగుతుంది.

మరొక న్యాయమైన మాట కూడా చెప్పాలి. మీ రెండో పరీక్ష సైకిల్ మీద జరిగింది. సైకిల్ తొక్కేటప్పుడు పనిచేసే కండరాలు తక్కువ, తొడలు ముందే అలసిపోతాయి, అందువల్ల అదే మనిషికి ట్రెడ్‌మిల్ మీద కంటే సైకిల్ మీద గరిష్ఠ వినియోగం 10 నుంచి 20 శాతం తక్కువగా రావడం మామూలు. మాస్కు పెట్టి ట్రెడ్‌మిల్ మీదే కొలిచి ఉంటే మీ నాన్నగారికి 18.7 నుంచి 21 మధ్య, అంటే సుమారు 5.3 నుంచి 6 మెట్‌లు వచ్చి ఉండవచ్చు. కాబట్టి 7.0కూ 4.8కూ మధ్య ఉన్న మొత్తాన్ని అంచనా మీదికే తోయకూడదు. అందులో కొంత సైకిల్ వల్ల, మిగిలినది సమీకరణం వల్ల, కడ్డీ వల్ల, ఆక్సిజన్ నెమ్మదిగా అందడం వల్ల. ఆయన ఆరోగ్యం రెండు పరీక్షల మధ్య దిగజారిందని అనుకోవడానికి ఆధారం లేదు కనుక ఆ దిగులు పెట్టుకోవద్దని ఆయనకు చెప్పండి.

హృద్రోగ_వైద్యుడు (నెల్లూరు)

ఇద్దరూ చెప్పినవాటితో ఏకీభవిస్తాను. అయితే ఇది చదివినవారు టీఎంటీ వల్ల ప్రయోజనం లేదని అనుకునే ప్రమాదం ఉంది కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

టీఎంటీని ప్రధానంగా ఆక్సిజన్ కొలవడానికి చేయం. శ్రమలో ఈసీజీ మారుతుందా, ఛాతీ నొప్పి వస్తుందా, బీపీ పెరగవలసినట్టు పెరుగుతుందా, లయ తప్పుతుందా అన్నవి చూడడానికి చేస్తాం. ఆ పనికి అది మంచి పరీక్ష, మన జిల్లాలో సులభంగా దొరికే పరీక్ష. మెట్‌ల అంకె దానితోపాటు వచ్చే అదనపు సమాచారం. ఆ అదనపు అంకెకు కూడా విలువ ఉంది. 2002లో మయర్స్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 6,213 మంది పురుషుల ఫలితాలు ప్రచురించింది. ట్రెడ్‌మిల్ మీద సాధించిన సామర్థ్యం ఒక్కో మెట్ పెరిగినకొద్దీ బతికే అవకాశం 12 శాతం చొప్పున మెరుగుపడుతుందని చూపింది. అందులోని మెట్‌లు బెల్టు వేగం, ఏటవాలు నుంచి లెక్కగట్టినవే, మాస్కు పెట్టి కొలిచినవి కావు. వేలమందిని వరుసలో నిలబెట్టి ఎవరు ముందున్నారో ఎవరు వెనకున్నారో చెప్పడానికి అంచనా సరిపోతుందనడానికి అంతకంటే బలమైన రుజువు అక్కర్లేదు. 2016లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ సామర్థ్యాన్ని బీపీ, నాడి లాగే ప్రతి రోగిలోనూ చూడవలసిన ప్రాణసూచికగా పరిగణించాలని చెప్పినప్పుడు, కొలవడం కుదరనిచోట కనీసం అంచనా అయినా వేయమనే చెప్పింది.

కానీ వేలమంది వరుస వేరు, ఒక మనిషి గురించి నిర్ణయం వేరు. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగాన్ని బట్టి గుండె బలహీనత తీవ్రతను విడదీసే వీబర్ వర్గీకరణలో 20 మిల్లీలీటర్లు దాటినవారు ‘ఏ’ (A) తరగతి, 16 నుంచి 20 మధ్య బీ, 10 నుంచి 16 మధ్య సీ, 10 లోపు డీ. మీ నాన్నగారిని అంచనా అంకె ‘ఏ’ (A) తరగతిలో కూర్చోబెట్టింది, కొలత బీ తరగతిలో అడుగు అంచుకు దగ్గరగా చూపించింది. గుండె మార్పిడి గురించి ఆలోచించవలసిన తీవ్రమైన గుండె బలహీనతలో ఇది ఇంకా ముఖ్యం. 1991లో మాన్సినీ బృందం 14 మిల్లీలీటర్ల హద్దును చూపింది. బీటా బ్లాకర్లు వాడేవారికి 2016 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు 12ను హద్దుగా పెట్టాయి. ఇవన్నీ కొలిచిన అంకెల మీద నిర్ణయించిన హద్దులు. అంచనా అంకెను తెచ్చి ఈ హద్దుల పక్కన పెట్టడం సరికాదు, ఎందుకంటే అంచనాలోని తేడా ఆ తరగతుల వెడల్పు కంటే పెద్దది. మీ నాన్నగారు మార్పిడి హద్దులకు చాలా దూరంలో ఉన్నారు, అది వేరే సంగతి.

నేరుగా కొలిచే పరీక్షకు నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది ఆర్‌ఈఆర్‌ను బట్టి. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే అంకె అది. 1.10 దాటితే మనిషి తన పూర్తి శక్తితో శ్రమించాడని ఒప్పుకుంటాం. మీ నాన్నగారిది 1.12, అంటే 16.8 ఆయన నిజమైన గరిష్ఠమే, భయపడో విసుగొచ్చో మధ్యలో ఆపేసినది కాదు. టీఎంటీలో ఆరో నిమిషం దగ్గర ఆపమన్నప్పుడు అది గుండె హద్దా, కాళ్ల నొప్పా, భయమా అని తేల్చుకోవడానికి మాకు గుండె వేగమే ఆధారం. బీటా బ్లాకర్ వాడేవారిలో ఆ ఆధారం కూడా పోతుంది.

రెండోది, ఎందుకు తగ్గింది అన్న ప్రశ్న. వినియోగించే ఆక్సిజన్ అంటే గుండె నిమిషానికి పంపే రక్తం, ఆ రక్తం నుంచి కండరాలు తీసుకునే ఆక్సిజన్, ఈ రెంటి గుణకారం. దీన్నే ఫిక్ సూత్రం అంటాం. మీరిచ్చిన అంకెలతో చూస్తే 16.8ని 68 కిలోలతో గుణిస్తే నిమిషానికి సుమారు 1,142 మిల్లీలీటర్లు. దాన్ని 118 స్పందనలతో భాగిస్తే ఒక్కో స్పందనకు 9.7 మిల్లీలీటర్లు. ఈ ఆక్సిజన్ పల్స్ పరీక్ష పొడవునా ఎలా పెరిగింది, మధ్యలో పెరగడం ఆగిపోయిందా అన్న గీత మీ రిపోర్టులో ఉంటుంది. శ్రమలో గుండె పంపే మొత్తం గురించీ, ఊపిరితిత్తుల పాత్ర గురించీ, రక్తహీనత అనుమానం గురించీ ఆ గీతలు ఎంతో చెబుతాయి. ఆ రిపోర్టు మీ స్థానిక వైద్యుడి దగ్గర తప్పకుండా పెట్టండి. మొదటి పేజీ అంకె మాత్రమే చూపించి ఊరుకోవద్దు.

మార్కాపురం_ఉపాధ్యాయుడు

ఈ చర్చ మాకు ఎంతో ఉపయోగంగా ఉంది. మా అన్నయ్యకు బైపాస్ అయింది. మాస్కు పరీక్షకు హైదరాబాదుకో చెన్నైకో పోవాలంటున్నారు, ఈ వేసవిలో ఆయన్ని అంత దూరం తిప్పడం మాకు సాధ్యపడేది కాదు. చేతి గడియారంలో వీవో2 మాక్స్ (గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం) అని ఒక అంకె వస్తోంది. ఆసుపత్రిలో కొన్ని ప్రశ్నలు అడిగి కూడా ఏదో అంచనా వేశారు. వీటిని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవచ్చు?

ఒంగోలు_ఫిజియో

గడియారం అంకెను పక్కన పెట్టండి. అది నడక వేగాన్నీ గుండె వేగాన్నీ జోడించి, వయసును బట్టి గరిష్ఠ గుండె వేగం ఇంత ఉంటుందని ఊహించి లెక్క వేస్తుంది. మీ అన్నయ్య బీటా బ్లాకర్ వాడుతుంటే, అదే నడకకు గుండె వేగం తక్కువగా కనిపిస్తుంది. గడియారం దాన్ని ఆరోగ్యంగా అర్థం చేసుకుని అంకె పెంచుతుంది. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా ఆ లెక్క అసలే నిలవదు.

ప్రశ్నలు అడిగి వేసినది బహుశా డ్యూక్ సూచిక అయి ఉంటుంది. 1989లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన 12 ప్రశ్నల పట్టిక అది. అన్నిటికీ అవునంటే 58.2 మార్కులు. వచ్చిన మార్కులను 0.43తో గుణించి 9.6 కలిపితే ఆక్సిజన్ అంచనా వస్తుంది. దీన్ని తీసిపారేయకూడదు. శస్త్రచికిత్సకు ముందు రోగుల సామర్థ్యాన్ని అంచనా వేయడంపై 2018లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, వైద్యులు చూపుతో వేసిన అంచనా నాలుగు మెట్‌లు చేరుకోలేనివారిలో 19 శాతం మందినే పట్టుకోగలిగింది, ఆపరేషన్ తరువాతి ప్రమాదాన్ని ముందే సూచించడంలో ఈ ప్రశ్నల పట్టిక దానికంటే మెరుగ్గా నిలిచింది.

అయితే మన ప్రాంతంలో దీనికి ఒక ఇబ్బంది ఉంది. పట్టికలో 13.5 మార్కులు రెండు ప్రశ్నలకే పోతాయి. ఆ రెండూ గోల్ఫ్, బౌలింగ్, జంటల టెన్నిస్, ఈత, బాస్కెట్‌బాల్, మంచు మీద స్కీయింగ్ వంటి ఆటల గురించినవి. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే మెట్ట రైతు ఈ రెంటికీ కాదనే చెబుతాడు. నాగలి పట్టగల మనిషికి కూడా అలా దాదాపు 5.8 మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర మెట్ పైగా కోత పడుతుంది. ట్రెడ్‌మిల్ సమీకరణం మన మనిషిని పైకి లెక్కిస్తే, ఈ పట్టిక కిందికి లెక్కిస్తుంది. కొందరు ఆటల బదులు గడ్డిమోపు మోయడం, బావి నుంచి నీళ్లు తోడడం వంటివి అడుగుతున్నారు. ఆలోచన మంచిదే, కానీ 0.43 అనే గుణకం అసలు ప్రశ్నలకు కట్టినది కనుక, ప్రశ్న మార్చిన తరువాత ఆ లెక్కతో మిల్లీలీటర్లు చెప్పకూడదు. మార్చిన పట్టికను మనవాళ్లకు మాస్కు పరీక్షతో సరిచూసిన తరువాతే అలా చెప్పే హక్కు వస్తుంది. ఆ పని మన వైద్య కళాశాలలు చేపట్టాలని నా గట్టి కోరిక.

దూరం వెళ్లలేనివారికి నేను సూచించేది ఆరు నిమిషాల నడక పరీక్ష. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో చెప్పిన నియమాల ప్రకారం 30 మీటర్ల సమతల వరండాలో, ఆరు నిమిషాల్లో తన వీలు కొద్దీ ఎంత దూరం నడవగలిగితే అంత. చిన్న వరండాలో చేస్తే మలుపులు ఎక్కువై దూరం తగ్గుతుంది కనుక ప్రతిసారీ అదే చోట చేయాలి. ఆ దూరాన్ని మిల్లీలీటర్లలోకి మార్చే సూత్రాలు ఉన్నాయి గానీ, ఒక మనిషి విషయంలో వాటిమీద నాకు నమ్మకం లేదు. దూరాన్ని దూరంగానే ఉంచి, మూడు నెలల కిందటి దూరంతో పోల్చండి. టీఎంటీ అయినా అంతే. కడ్డీ వదిలి, లేదా వేలికొనలు మాత్రమే ఆనించి, మెల్లగా పెరిగే పద్ధతిలో, మొదటిసారికి ముందు కాసేపు బెల్టు మీద నడక అలవాటు చేసి చేస్తే, అదే మనిషి రెండు ఫలితాలను ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు.

పెన్నాతీరం (కావలి)

ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి చదివి వినిపించాను, ఆరోగ్యం దిగజారలేదన్న మాట విని కుదుటపడ్డారు. ఇప్పుడు ఆయన అడుగుతున్నది ఒక్కటే. పాతిక కిలోల మేత సంచులు మోయడం, రాత్రిళ్లు కట్టల మీద తిరిగి ఏరేటర్లు చూసుకోవడం, వీటిలో ఏవి చేయవచ్చు?

హృద్రోగ_వైద్యుడు (నెల్లూరు)

తుది మాట ఆయన్ని చూస్తున్న వైద్యుడిదే. ఆలోచించే పద్ధతి మాత్రం చెబుతాను, ఎందుకంటే అంచనా అంకెకూ కొలత అంకెకూ తేడా బతుకుతెరువు దగ్గరే బాగా తెలుస్తుంది. గంటల తరబడి ఆగకుండా చేసే పని సగటున గరిష్ఠ సామర్థ్యంలో 40 శాతం మించకుండా ఉండాలని సాధారణంగా చూస్తాం. 7.0లో 40 శాతం 2.8. సమతలం మీద గంటకు 4 కిలోమీటర్ల వేగంతో నడవడానికి కావలసినది సుమారు 2.9, దాదాపు అంతే. కాబట్టి మొదటి రిపోర్టు ప్రకారం ఆయన రోజంతా కట్టల మీద తిరగవచ్చని అనిపిస్తుంది. 4.8లో 40 శాతం 1.9 మాత్రమే. సైకిల్ వల్ల తగ్గినదాన్ని కలుపుకుని ఆరు మెట్‌లు అనుకున్నా 2.4 దాటదు. అందువల్ల కట్టల మీద ఒక చుట్టు తిరిగి కూర్చోవడం, మళ్లీ తిరగడం అన్న పద్ధతి ఆయనకు తగినది, ఏకబిగిన తిరగడం తగదు. పూర్తిగా మంచాన కూర్చోబెట్టడం అంతకంటే తగదు. ఆయన చేయదగిన పని చాలానే ఉంది.

సంచి మోయడం వేరు. చేతులతో బరువెత్తినప్పుడు, ముఖ్యంగా ఊపిరి బిగబట్టినప్పుడు, ఆక్సిజన్ వినియోగం తక్కువగానే ఉన్నా బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. మాస్కు పరీక్షలోని అంకె ఆ సంగతి చెప్పదు. సంచులు దించడం ప్రస్తుతానికి పనివారికి వదిలి, మేతను చిన్న బకెట్లలో తీసుకుని చల్లడం, వీలైతే ఆటో ఫీడర్ పెట్టించుకోవడం మంచిది.

ఒంగోలు_ఫిజియో

నడక గురించి ఒక మాట జోడిస్తాను. మన వేసవిలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, అదే వేగంతో నడిచినా ఎండకూ చెమటకూ గుండె వేగం ఎక్కువగా ఉంటుంది. చెన్నైలో ఏసీ గదిలో వచ్చిన 96 మీ గుంట కట్ట మీద చాలా తక్కువ నడకకే వచ్చేస్తుంది. దూరం లక్ష్యంగా పెట్టుకోవద్దు. తెల్లవారుజామున నడుస్తూ, పూర్తి వాక్యాలు తడబడకుండా మాట్లాడగలిగే వేగంలో ఉంటే సాధారణంగా థ్రెషోల్డ్‌కు లోపలే ఉన్నట్టు లెక్క.

మూడు నెలల శిక్షణ తరువాత మళ్లీ కొలిపించాలనుకుంటే అదే కేంద్రంలో, సైకిల్ మీదే, అవే మందులు రోజూ వేసుకునే వేళకే వేసుకుని, పగలు అదే సమయంలో చేయించండి. ఒకే మనిషికి ఒక రోజుకూ మరో రోజుకూ కొద్ది శాతం తేడా సహజంగానే ఉంటుంది కనుక 16.8 కాస్తా 17.3 అయితే దాన్ని మెరుగుదల అని చెప్పలేం. 19 అయితే నిస్సందేహంగా చెప్పవచ్చు. థ్రెషోల్డ్ దగ్గరి గుండె వేగం, అక్కడి ఆక్సిజన్ కూడా అడిగి రాయించుకోండి. రోజువారీ పనిలో ఆయన ఉండేది గరిష్ఠం దగ్గర కాదు, ఆ హద్దుకు కాస్త లోపలే కనుక శిక్షణ ఫలితం ముందుగా అక్కడే కనిపించవచ్చు.